ప్రదర్శనల పరంపర

విజయవాడలోని యొక కళాశాల సభామందిరమున డెల్టా వ్యవసాయమును గూర్చి సదస్సు జరుగుచున్నదని యూహింతము. ఉయ్యూరునుండి వచ్చిన వక్త చెఱకు తోటలను గూర్చియు, కైకలూరునుండి వచ్చిన వక్త చేపల చెఱువులను గూర్చియు, అవనిగడ్డనుండి వచ్చిన వక్త ఉప్పునీరు పైకెక్కిన మాగాణులను గూర్చియు ప్రసంగింపవలసి యున్నది. ముగ్గురును తమ తమ పీపీటీలను పెన్‌డ్రైవులలో తెచ్చినారు. వేదికమీద కంప్యూటరు ఒక్కటే, ప్రొజెక్టరు ఒక్కటే. మొదటివారి కడపటి స్లయిడు 'ధన్యవాదములు' అను అక్షరములతో కొంతసేపు నిలిచిన పిదప తెర యంతయు నల్లబడును. మరల మీట నొక్కగానే, సభ్యులు చూడ నక్కఱలేని సరంజామా యంతయు, వరుసలు తీరిన ఫైళ్ల పేర్లును, ఎవరి యింటి పిల్లవాని ఫొటోయో వెనుక నుంచుకొన్న కంప్యూటరు ముఖపత్రమును, దిక్కుతోచక తిరుగు బాణపు గుర్తును, పదియడుగుల వెడల్పున ప్రత్యక్షమగును. "మాస్టారూ, మీ ఫైలు ఏ ఫోల్డర్లో వేశారండీ?" అని కంప్యూటరు ముందు కూర్చున్న కుఱ్ఱవాడు కేకవేయును. "నిన్ననే మెయిల్ చేశాను కదయ్యా!" అని వక్త మెట్లెక్కుచునే బదులు చెప్పును. ఈ రెండు మూడు నిమిషములలో సభ సగము చెదరిపోవును.

విచారించి చూచినచో ఆ మూడు ప్రదర్శనలలో దేనియందును లోపము లేదు. లోపమంతయు వాని నడుమ నున్నది. ఒక ప్రదర్శనను నడపుట నేడు బడిపిల్లలకును చేతనైన పనియే. పెక్కు ప్రదర్శనలను ఒకదాని వెనుక నొకటిగ, తెర వెలవెలబోకుండ, చూపఱుల దృష్టి చెదరకుండ నడపుట మాత్రము మూడువందల యేండ్లకు పైగా యంత్రజ్ఞులను వేధించుచు వచ్చిన సమస్య. దానికి వారు చూపిన పరిష్కారములు గాజు పలకలనుండి సెల్యులాయిడు చుట్టలకును, వానినుండి కంప్యూటరు స్మృతికోశములకును మాఱుచు వచ్చినవి కాని, అన్నిటికిని ఆధారమైన నియమములు రెండే. రాబోవునది కావలసిన క్షణమునకు పూర్వమే సిద్ధమై యుండవలెను. పోవునది తాను పోవుచున్నట్లు ఏదో యొక గుర్తు నీయవలెను. మొదటిదానిని సన్నద్ధత యనియు, రెండవదానిని సంకేతమనియు ఈ యధ్యాయమున వ్యవహరింతము.

రెండు దీపముల యుపాయము

గాజుమీద చిత్రించిన బొమ్మను దీపపు వెలుగుతో గోడమీదికి పెద్దదిగా ప్రసరింపజేయు మాయాదీపమును హాలెండు దేశీయుడగు క్రిస్టియన్ హైగెన్స్ 1659 ప్రాంతమున రూపొందించెను. అందులో ఒక పలకను తీసి మఱొక పలకను దూర్చునపుడెల్ల, తెరమీది బొమ్మ ప్రక్కకు జాఱిపోవుటయో, వట్టి వెలుగు కన్నులకు మిఱుమిట్లు గొల్పుటయో తప్పదు. 19వ శతాబ్దమునాటి ప్రదర్శకులు ఈ చిక్కునకు చక్కని యుపాయము కనిపెట్టిరి. ఒకే తెరకు రెండు దీపములను గుఱిపెట్టి, ఒకదాని వెలుగును మెల్లమెల్లగా తగ్గించుచు, అదే వేగమున రెండవదాని వెలుగును పెంచినచో, పగటివేళ చూచుచున్న కొండయే చూచుచుండగా వెన్నెలలోని కొండగా మాఱును. మొదటి పలక తెరమీద నుండగనే రెండవ పలక తన చోట కుదురుకొని యుండును. ఆ సంగతి ప్రేక్షకుల కెఱుకపడదు. చూపునట్టి యంత్రమొకటియు, సిద్ధపడునట్టి యంత్రము మఱొకటియు ఉండుటయే ఈ యుపాయములోని సారము.

కృష్ణాతీరమునకు ఈ విద్య క్రొత్తది కాదు. మచిలీపట్టణమున జన్మించి మదరాసున ఛాయాగ్రాహకుడుగా స్థిరపడిన రఘుపతి వెంకయ్యనాయుడు, 1910లో 'క్రోనోమెగాఫోను' అను యంత్రమును సంపాదించి, దక్షిణదేశమునందును, సింహళ బర్మా దేశములయందును చలనచిత్రములను ప్రదర్శించెను. ఆ యంత్రమున బొమ్మ ఒకచోటను, ధ్వని మఱొకచోటను ఉండును: ఫిలిము చుట్ట ప్రొజెక్టరులో తిరుగుచుండగా గ్రామఫోను పళ్లెము వేఱుగా తిరుగుచుండును. చిత్రములు కొద్ది నిమిషములవే కనుక, ఒక్కొక్కటి ముగిసినపుడెల్ల చుట్టను పళ్లెమును కలిపి మార్చవలెను. రెండును ఒకే క్షణమున మొదలు కావలెను. ఏ మాత్రము తేడా వచ్చినను నటుని పెదవు లొకదారిని, పాట యొకదారిని పోవును. తెలుగువారిలో ప్రదర్శనల పరంపరను వృత్తిగా చేపట్టిన తొలి తరమువారు ఈ ద్వంద్వమైన జాగరూకతతోనే పని నేర్చిరి.

విజయవాడలో పోతిన శ్రీనివాసరావు 1921లో నిర్మించిన మారుతీ టాకీసు ఆంధ్రదేశములోని శాశ్వతమైన సినిమాహాళ్లలో మొదటిదిగా ప్రసిద్ధి చెందినది. అటుపిమ్మట గాంధీనగరము చిత్రముల పంపిణీ కార్యాలయములకు నెలవయ్యెను. రేకు డబ్బాలలో భద్రపఱచిన రీళ్లు అచ్చటినుండి నాలుగు దిక్కులకు పోవుచుండెడివి. చిత్రము ఒక్కటేయైనను అది తెరకెక్కునది ముక్కలుగనే. సెకనుకు 24 బొమ్మల చొప్పున నడచు 35 మి.మీ. ఫిలిములో అడుగునకు 16 బొమ్మలుండును. కావున నిమిషమునకు 90 అడుగులు ఖర్చగును. వేయి అడుగుల రీలు పదకొండు నిమిషములలో ముగియును. రెండున్నర గంటల చిత్రమనగా 13,500 అడుగులు, అనగా పదునాలుగు రీళ్లు. వానిని జతలుగా అతికి రెండువేల అడుగుల చుట్టలుగా జేసికొన్నను, ఆట ఒక్కింటికి ఆఱు మార్పులు తప్పవు.

ఆ మార్పు ఎట్లు జరిగెడిదో కొంచెము దగ్గఱగా చూతము. పెద్ద హాళ్లలో ఆపరేటరు గదియందు ప్రొజెక్టర్లు రెండుండెడివి. ఒకదానిలో రీలు నడచుచుండగా ఆపరేటరు రెండవదానిలో తదుపరి రీలు ఎక్కించి, దీపము వెలిగించి, చిన్న కిటికీ గుండ తెరవంక చూచుచు నిలుచును. రీలు చివఱ తెర కుడివైపు పైమూలను చిన్న గుండ్రని చుక్క యొకటి మెఱయును. అది నాలుగు బొమ్మలమీద మాత్రమే గుర్తు పెట్టబడినది. సెకనులో ఆఱవవంతు కాలము కనబడి మాయమగును. ముగింపునకు ఇంచుమించు ఎనిమిది సెకనులకు ముందు వచ్చు ఆ చుక్కను చూడగానే ఆపరేటరు రెండవ యంత్రపు మోటారును నడపును. ముగింపునకు ఒక సెకను ముందు రెండవ చుక్క వచ్చును. అప్పుడు ఒకదాని కవాటమును మూసి, రెండవదాని కవాటమును తెఱచును. నడుమనున్న యెడము ఊరక పెట్టినది కాదు. ఆగియున్న మోటారు పూర్తి వేగము నందుకొనుటకును, రీలు మొదట నుండు బొమ్మలులేని ఫిలిము గడచిపోవుటకును ఆ మాత్రము కాలము కావలెను. కథలో లీనమైన ప్రేక్షకుడు ఆ చుక్కలను జన్మలో నెన్నడును గమనింపడు.

పల్లెలలోని డేరా టాకీసులకు సామాన్యముగా ప్రొజెక్టరు ఒక్కటే. రీలు ముగియగానే దీపములు వెలుగును; ఆపరేటరు క్రొత్త రీలు ఎక్కించువఱకు సోడాబుడ్ల చప్పుళ్లును, వేరుసెనగకాయల బేరములును సాగును. కథానాయకుడు కత్తి దూసినవాడు దూసినట్లే ఆగిపోవలసి వచ్చినను జనము సహించెడివారు, ఏలయన యంత్రము ఒక్కటే యున్నచోట విరామము అనివార్యమని వారికిని తెలియును. పట్టణపు హాళ్లలో సైతము ఆటకు ముందును, విశ్రాంతి వేళను తెర ఖాళీగా నుండరాదని గాజు స్లయిడ్లను వేసెడివారు: నగల అంగళ్ల ప్రకటనలు, 'పొగ త్రాగరాదు', 'త్వరలో వచ్చుచున్నది'.

1961లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ 'కరౌజెల్' అను స్లయిడు ప్రొజెక్టరును విడుదల చేసినది. గుండ్రని పళ్లెములో 80 స్లయిడ్లు నిలువుగా అమర్చబడి యుండును. పళ్లెము ఒక గడి తిరుగగానే క్రింది స్లయిడు తన బరువుచేతనే దీపము ముందునకు జాఱును. ఇట్టి యంత్రములను రెండింటిని జతపఱచి, వ్యాఖ్యానము నమోదు చేసిన టేపులోనే వేఱొక జాడయందు నాదసంకేతములను ఎక్కించి, ఆ నాదము వచ్చినపుడెల్ల వెలుగు ఒక యంత్రమునుండి మఱొకదానికి మాఱునట్లు చేసిరి. ఆపరేటరు కంటికి కనబడు చుక్క చేసిన పనిని ఇచ్చట ప్రేక్షకుల చెవికి వినబడని నాదము చేసినది. 2004లో ఈ ప్రొజెక్టరుల తయారీ నిలిచిపోయినది. అప్పటికే ఆ పని కంప్యూటరునకు సంక్రమించెను.

కంప్యూటరులోని రెండవ యంత్రము

పవర్‌పాయింటును రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ మున్నగువారు ఫోర్‌థాట్ అను చిన్న సంస్థయందు రూపొందింపగా, 1987లో అది మెకింటాష్ కంప్యూటరులకు వచ్చెను. అదే యేట మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ సంస్థను 1 కోటి 40 లక్షల డాలర్లకు కొనివేసెను. తొలిరూపము ప్రధానముగా పారదర్శకమైన ప్లాస్టిక్ పత్రములను అచ్చువేసికొనుటకు ఉద్దేశింపబడినది; 1992లో వచ్చిన మూడవ రూపముతో గాని కంప్యూటరునుండి తిన్నగా తెరకు ప్రదర్శన నడపు పద్ధతి స్థిరపడలేదు.

నేటి సామాన్యమైన ప్రొజెక్టరు తెర అడ్డముగా 1920, నిలువుగా 1080 బిందువులు గలది. మొత్తము 20,73,600 బిందువులు. ఒక్కొక్క బిందువు వర్ణమునకు మూడు బైట్లు చొప్పున ఒక స్లయిడునకు 62 లక్షలకు పైగా బైట్లు పట్టును. కంప్యూటరు ఈ స్మృతిభాగమును సెకనుకు సాధారణముగా 60 మార్లు చదివి తెరకు పంపుచుండును. చదువుచున్న చోటనే క్రొత్త స్లయిడును గీయ మొదలిడినచో, సగము పాతబొమ్మయు సగము క్రొత్తబొమ్మయు కలిసి కనబడును. అందుచేత అంతే పరిమాణముగల మఱొక స్మృతిభాగమును వేఱుగా నుంచి, రాబోవు స్లయిడును తెరమఱుగున అందులో పూర్తిగా గీసి, రెండు తెరచదువుల మధ్యనున్న యెడములో స్థానములు తాఱుమాఱు చేయుదురు. మాయాదీపకాలము నాటి రెండవ దీపమే ఇచ్చట రెండవ స్మృతిభాగముగా అవతరించినది.

అయినచో సదస్సులో మనకు కలిగిన యిబ్బందికి కారణమేమి? ఒక ఫైలులోని పదవ స్లయిడు నడచుచుండగా పదునొకండవది ఏదియో యంత్రమునకు తెలియును. కనుక సిద్ధము చేయగలదు. కడపటి స్లయిడు వచ్చినపుడు మాత్రము, దాని తరువాత ఏ ఫైలు రావలెనో దానికి తెలియదు. నేటి పీపీటీ ఫైలు నిజమునకు అనేకమైన చిన్న ఫైళ్లను కుదించి కట్టిన జిప్ మూట. దానిని విప్పి, బొమ్మలను చదివి, అక్షరరూపములను వెదకి, తొలి స్లయిడును గీయుటకు కొన్ని సెకనులు పట్టును. ఒక ఫైలులోపల రెండు యంత్రముల హాలువలె నడచు కంప్యూటరు, ఫైలునకు ఫైలునకు నడుమ ఒకే యంత్రముగల డేరా టాకీసుగా మాఱిపోవుచున్నది.

నాలుగు మార్గములు

మొదటి మార్గము అన్ని ఫైళ్లను ఒక్కటిగా కలిపివేయుట. సులభమే కాని, ఒక ఫైలునందలి స్లయిడులన్నియు ఒకే కొలతవి కావలెనను నియమమొకటి గలదు. 2013 నాటి పవర్‌పాయింటునుండి క్రొత్త ఫైళ్లు 16:9 నిష్పత్తిలో మొదలగుచున్నవి. అంతకు పూర్వము 4:3 వాడుక. పాత ఫైలును విడిగా నడపినచో 1440 బిందువుల వెడల్పున నిలిచి, ఇరుప్రక్కల 240 బిందువుల నల్లని పట్టీలు వచ్చునే గాని రూపము చెడదు. దానిని క్రొత్త ఫైలులో కలిపినపుడు అమరిక యంతయు క్రొత్త కొలతకు లొంగవలెను. జాగ్రత్తపడనిచో ఉయ్యూరువారి యాకుపచ్చ రంగు అవనిగడ్డవారి నీలములోనికి మాఱిపోవును. పైగా, వక్త సభకు వచ్చుచు దారిలో రెండంకెలు దిద్దుకొన్నచో, కలిపిన ప్రతిలో పాత యంకెలే నిలిచియుండును.

రెండవ మార్గము లంకెలు. ఒక విషయసూచిక స్లయిడును సిద్ధము చేసి, అందులోని ఒక్కొక్క వక్త పేరునకు ఆయా ఫైలును లంకె వేయవలెను. పేరు నొక్కగానే ఆ ప్రదర్శన మొదలగును. అది ముగియగానే యంత్రము తనంతట తాను సూచికకు తిరిగివచ్చును. ఫైలునుండి ఫైలునకు గొలుసుగా లంకె వేయుటకంటె ఇది మేలు. గొలుసు పద్ధతిలో చివరివారి ప్రసంగము ముగియగానే వెనుకటివారి కడపటి స్లయిడులు ఒక్కొక్కటిగ మరల ముఖము చూపును. లంకె యనగా ఫైలు చిరునామాయే గనుక, పెన్‌డ్రైవులో నున్న ఫైలునకు లంకె వేసి పెన్‌డ్రైవును తీసివేసినచో అది చెడును. ఫైళ్లనన్నిటిని ముందుగా ఒకే ఫోల్డరులోనికి చేర్చి, ఆ పిదపనే లంకెలు వేయుట క్షేమము.

మూడవ మార్గము పట్టిక. ఏ ఫైలు పిదప ఏ ఫైలు నడువవలెనో సాదా అక్షరములలో వరుసగా వ్రాసి యిచ్చినచో, 'పవర్‌పాయింట్ వ్యూయర్' అను ఉచితసాధనము వానిని ఆ క్రమముననే నడపెడిది. 2003 నాటి పవర్‌పాయింటులో ఫైళ్లను సీడీకి ఎక్కించునపుడు ఇట్టి క్రమమును నిర్ణయించు సదుపాయము గూడ నుండెను. ఆ వ్యూయరును 2018లో ఉపసంహరించిరి.

నాలుగవ మార్గము వరుసను నడపు నొక చిన్న ప్రోగ్రామును వ్రాయుట. కూచిపూడి భాగవతమున సూత్రధారుడు ఆద్యంతము రంగమునందే యుండి, తాళము పట్టి, ఒక పాత్ర నిష్క్రమించుట చూచి మఱొకదానిని ప్రవేశపెట్టినట్లు, ఈ ప్రోగ్రాము ఒక ప్రదర్శన ముగింపును కనిపెట్టి తదుపరి ప్రదర్శనకు దారియిచ్చును. ఇందులో మొదటిసారి చేయువారిని తఱచుగా మోసగించు కీలకమొకటి గలదు. విండోస్‌లో 'స్టార్ట్' అను ఆజ్ఞకు 'వెయిట్' అను నియమమును చేర్చినచో, మొదలుపెట్టిన పని ముగియువఱకు తదుపరి పంక్తికి పోదు. ఆ ప్రకారము మూడు పంక్తులు వ్రాసి నడపినవానికి, మూడు ప్రదర్శనలును ఒకదానిపై నొకటి ఒక్కసారిగా తెరమీదికి ఉఱికిన సందర్భములు గలవు. కారణమేమనగా, పవర్‌పాయింటు ఒక కంప్యూటరులో ఒకే ప్రతిగా నడచునది. అది ముందే తెఱచియున్నచో, క్రొత్తగా పిలువబడిన ప్రతి తన ఫైలును పాతదాని చేతికిచ్చి తక్షణమే నిష్క్రమించును. నిరీక్షించుచున్న ప్రోగ్రాము ఆ నిష్క్రమణమును జూచి, ప్రదర్శనయే ముగిసినదని భ్రమపడును. సంకేతము సరియైనదే, అది చెప్పిన సంగతి మాత్రము వేఱు. దీనికి మందు, పవర్‌పాయింటు లోపలనే నడచు మాక్రోను వ్రాసి, 'స్లయిడ్‌షో ముగిసినది' అను ఘటనకొఱకు వేచియుండునట్లు చేయుట.

వస్తుప్రదర్శనశాలలకొఱకు తయారైన ఫైళ్లలో 'ఎస్కేప్ మీట నొక్కువఱకు తిరుగుచుండుము' అను నియమము పెట్టబడి యుండును. పరంపరలో నిట్టి ఫైలు ఒక్కటి చేరినను, దాని వెనుకనున్న వానికి వంతు రాదు. వరుస కట్టుటకు ముందు ప్రతి ఫైలునందును ఈ నియమమును వెదకి తీసివేయుట తొలిపని.

తెలుగు లిపికి ప్రత్యేకమైన చిక్కు

పరాయి కంప్యూటరులో తెలుగు ఫైలు తెఱచిన వారెల్లరును ఎఱిగిన యవస్థ యొకటి గలదు: స్లయిడుమీద తెలుగునకు బదులు అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు. అచ్చుపని చేయువారిలో విస్తారముగా వ్యాపించిన అను ఫాంటుల వంటి పాతతరపు ఫాంటులలో, ఆంగ్లాక్షరములకు కేటాయించిన స్థానములలోనే తెలుగు రూపములు కూర్చబడినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరు, స్థానమును బట్టి తనకు తెలిసిన ఆంగ్లాక్షరమునే చూపును. యూనికోడు పద్ధతియందు తెలుగునకు 128 స్థానములు ప్రత్యేకముగా నున్నవి. 'కృష్ణా' అను మాట కంటికి రెండక్షరములేయైనను, యంత్రమున ఆఱు సంకేతములుగా నిలుచును: క, ఋత్వము, ష, పొల్లు, ణ, దీర్ఘము. వానిని కూర్చి ణకారమును షకారము క్రింద వత్తుగా నుంచుట ఫాంటు, లిపికూర్పు సాధనము కలిసి చేయు పని. 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటు గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చిన పిదప, యూనికోడులో వ్రాసిన ఫైలు ఏ యూరి కంప్యూటరులోనైనను తెలుగుగానే తెఱచుకొనుట సాధ్యమైనది. అయినను వేఱొక ఫాంటు వచ్చి కూర్చున్నపుడు అక్షరముల వెడల్పు మాఱి, పంక్తులు స్లయిడు అంచు దాటవచ్చును. కనుక ఫాంటును ఫైలులోనే పొదుగుటయో, సభకు వాడు కంప్యూటరులోనే ఫైళ్లనన్నిటిని ముందునాడు ఒకమాఱు ఆద్యంతము నడిపి చూచుటయో చేయవలెను. సన్నద్ధతలో ఇదియు నొక భాగమే.

ముగిసినదని చెప్పువారెవరు

సంకేతమును గూర్చి కడపటి ప్రశ్న మిగిలినది: అది ఎవరినుండి రావలెను? దీనికి సమాధానములు మూడు. కాలము చెప్పవచ్చును: ప్రతి స్లయిడునకు ఇన్ని సెకనులని నిర్ణయించి విడిచిపెట్టినచో గడియారమే పరంపరను నడపును. యంత్రఘటన చెప్పవచ్చును: రీలుమీది చుక్కయు, 'స్లయిడ్‌షో ముగిసినది' అను ఘటనయు ఈ జాతివే. మనుష్యుడు చెప్పవచ్చును: వక్త చేతిలోని మీటయే సంకేతము.

నేటి సినిమాహాలు మొదటి రెండింటితోనే జీవించుచున్నది. ఈ శతాబ్ది తొలి దశకమునుండి క్యూబ్, యూఎఫ్ఓ వంటి డిజిటలు విధానములు వచ్చి రీలు పెట్టెలను తొలగించినవి. ప్రకటనలు, సెన్సారు పత్రము, చిత్రపు పూర్వార్ధము, విశ్రాంతి, ఉత్తరార్ధము అను వరుసను పట్టికగా వ్రాసి సర్వరుకు అప్పగించినచో, అదియే తదుపరి భాగమును ముందుగా చదివి పెట్టుకొని, నడుమ రవ్వంత చీకటియైన రానీయక నడపును. ప్రతి యాటయు నిన్నటి యాటవంటిదే గనుక అచ్చట గడియారమును నమ్మవచ్చును.

సదస్సు అట్టిది కాదు. ఇరువది నిమిషములని నిర్ణయించిన ప్రసంగము నడుమ కైకలూరు రైతు లేచి చెఱువునీటిలో ఆక్సిజను తగ్గుటను గూర్చి ప్రశ్న వేసినచో, వక్త ఆఱు స్లయిడులు వెనుకకు పోవలసి వచ్చును. ఆ ప్రశ్నోత్తరములే ఆనాటి సభకు సారము కావచ్చును. కాలమును బట్టి నడచు పరంపర ఆ రైతు మాట మధ్యలోనే తదుపరి వక్త పేరును తెరమీదికి తెచ్చును. కావున వ్యాఖ్యాత లేని ప్రదర్శనశాలకు కాలనియమమును, ఒకేతీరున మరలమరల నడచువానికి యంత్రఘటనను, మాటలాడు మనుష్యుడున్న సభకు విషయసూచిక లంకెలను ఎన్నుకొనుట యుచితము. ఫైళ్లను ఒకచోట చేర్చుట, ఫాంటులను పరీక్షించుట, రాబోవు ప్రదర్శనను తెరమఱుగున విప్పి యుంచుట యంత్రమునకు ఎంతయైనను అప్పగింపవచ్చును. ప్రసంగము ముగిసినదని చెప్పు నధికారమును మాత్రము ప్రశ్నను విన్నవాని చేతనే యుంచవలెను.